గిలకలదిండిలో ముప్పై పిజ్జాలు

2023 ఫిబ్రవరి, బందరు పక్కన గిలకలదిండి హార్బరు. చలి వెనకపట్టింది, ఎండ ఇంకా ముదరలేదు. అప్పటికి నేను వంట కాంట్రాక్టులు పట్టడం మొదలుపెట్టి ముప్పై నాలుగేళ్ళు. గుడివాడ నుంచి అవనిగడ్డ దాకా నేను గాడిపొయ్యి తవ్వించని ఊరు తక్కువ. ఈ పనిలో ఏది కష్టమని చాలామంది అడుగుతారు. వంట కాదు. వంట చెయ్యి నేర్చుకుంటుంది. కష్టమైంది ఎస్టిమేట్. ఎంతమంది వస్తారు, ఎంత తింటారు, ఎంత వండాలి అన్న లెక్కని మేము అలా అంటాం. తక్కువైతే పిలిచినవాడి పరువు పోతుంది. ఎక్కువైతే అన్నం గోతిలోకి పోతుంది.

మా లెక్క ఇది. పప్పు, కూర, పులుసు, పులిహోర ఉంటే వంద ఆకులకి పది కిలోల బియ్యం. అనుకోకుండా వచ్చేవాళ్ళ కోసం పైన కొంత కలుపుతాం, దాన్ని మార్జిన్ అంటాం. ఊరిని బట్టి కూడా లెక్క మారుతుంది. గుడివాడ ఉద్యోగస్తులకి పది కిలోలు వండితే అందులోనూ మిగులుతుంది. గిలకలదిండికి మాత్రం వందకి పన్నెండు కిలోలు వేసేవాణ్ణి. సముద్రం మీద వలలు లాగే ఒళ్ళు, తిండిపుష్టి ఉంటుంది కదా అనుకునేవాణ్ణి. ఇరవై ఏళ్ళు అలాగే అనుకున్నాను.

నాకు అక్షరాలు నలభై ఎనిమిదో ఏట వచ్చాయి. మా కోడలు పలక కొని నేర్పింది. అంతకుముందు ఎస్టిమేట్ అంతా తలలో ఉండేది. అక్షరాలు వచ్చాక నాకో జబ్బు పట్టింది. నోటుపుస్తకంలో రాసుకున్నదే నిజమనుకోవడం.

ఆ నెలలో ఒకరోజు నాంచారమ్మ మా ఇంటికి వచ్చింది. హార్బరులో చేపల వేలంపాట పాడించే మనిషి, యాభై దాటింది. కుప్ప పోస్తే చాలు, తాకకుండా తూకం చెప్పేస్తుంది. కాటా మీద పెట్టి చూస్తే అటూ ఇటూ కిలో తేడా ఉండదు.

"బాబాయ్, మా దుర్గకి నర్సుద్యోగం వచ్చింది, బెజవాడలో. ఆదివారం దాని స్నేహితులు, టీచర్లు గుడివాడ నుంచి మా ఇంటికి వస్తన్నారు. పేట పేటంతా వస్తది. నువ్వే పెట్టాలి."

"పెడదాం. పండుగొప్ప పులుసు, రొయ్యల వేపుడు..."

"అయ్యేమొద్దు. మా పిల్ల పిజ్జాలంటంది."

"నేను పిజ్జాలు వండను."

"నిన్నెవరు వండమన్నారు? కొట్టోడి చేత చేయించు. ఎన్ని కావాలో లెక్క చూడు. చివర్లో పెరుగన్నం కలుపు, చాలు."

"అంత కుప్పని చూసి తూకం చెప్తావే, ఇది నువ్వే చెప్పుకోరాదా?"

"చేపైతే చెప్తాను. ఆ రొట్టె మొహం నేనెప్పుడన్నా చూశానా?" అని నవ్వి, అంతలోనే నవ్వు ఆపేసింది. "బాబాయ్, పోయినేడు మా ఆడపడుచు ఇంట్లో బిర్యానీ చాల్లేదు. ఇప్పటికీ పాట దగ్గర దాన్ని చూసి, 'మీ ఇంట్లో గరిటె అడుగు గీకిన చప్పుడు హార్బరు దాకా వినిపించిందే' అంటారు. అది తలెత్తుకోలేకపోతంది. నా కూతురు ఉద్యోగానికి పోయే రోజున మా గుమ్మంలోంచి ఒక్కడు ఖాళీ కడుపుతో పోకూడదు. అంతే."

అంతే అంది కానీ, ఆ మాటే ఈ కథంతా.

బందరు బస్టాండు రోడ్డులో పిజ్జా కొట్టుంది. దాన్ని నడిపే కిరణ్ మంచివాడు, ఓపికగా చెప్పాడు. ఒక పిజ్జాని ఎనిమిది ముక్కలు కోస్తారు, ముక్కని స్లైస్ అంటారు. వయసు పిల్లలైతే మనిషికి మూడు స్లైసులు, పెద్దవాళ్ళకి రెండు, చిన్నపిల్లలకి ఒకటి.

"పెద్దది ఒకటి మంచిదా, చిన్నవి రెండు మంచిదా?" అని అడిగాను.

"చిన్నవి రెండైతే ఎక్కువొస్తుందనుకుంటారు తాతగారూ, అందరూ."

నేను నమ్మలేదు. దోసె పెనం మీద నలభై ఏళ్ళు చూశాను. పెనం రెండంగుళాలు పెరిగితే పిండి ఎంత తాగుతుందో నాకు తెలుసు. కాటా తెమ్మన్నాను. పన్నెండంగుళాల పెద్ద బేస్, అంటే అడుగునుండే రొట్టె, ఒకటి ఒకవైపు పెట్టించాను. ఎనిమిదంగుళాల చిన్నవి రెండు మరోవైపు. పెద్దదే కిందికి దిగింది. కిరణ్ నోరు తెరిచాడు. "ఇన్నాళ్ళూ నాకే తెలీదండి!"

గర్వపడ్డాను. దాచడమెందుకు.

నోటుపుస్తకంలో రాసుకున్నాను. గుడివాడ నుంచి వచ్చేవాళ్ళు ఇరవై రెండు మంది, మూడేసి చొప్పున అరవై ఆరు ముక్కలు. పేటలో పెద్దవాళ్ళు అరవై మంది, రెండేసి చొప్పున నూట ఇరవై. చిన్నపిల్లలు ముప్పై మంది, ముప్పై. మొత్తం రెండు వందల పదహారు, అంటే ఇరవై ఏడు పిజ్జాలు. మార్జిన్ మూడు. ముప్పై పెద్ద పిజ్జాలు, రెండు వందల నలభై ముక్కలు. కింద గీత కొట్టి సంతకం కూడా పెట్టాను.

ఆదివారం నాలుగింటికల్లా నాంచారమ్మ ఇంటి ముందు షామియానా కింద మనుషులు నిండారు. గుడివాడ పిల్లలు బస్సు దిగి ఆటోల్లో వచ్చారు. వాళ్ళతో వచ్చిన టీచరు పద్మావతి మేడం మెల్లగా మాట్లాడే మనిషి. దుర్గ కొత్త చీర కట్టుకుని, ఎవరికి కుర్చీ వేసిందో ఎవరికి వెయ్యలేదో చూసుకుంటూ కాలు నిలవకుండా తిరుగుతోంది. కిరణ్ పొయ్యిలో, ఓవెన్ అంటారు దాన్ని, ఒక్కసారికి ఆరే పడతాయి. అందుకని రెండు దఫాలుగా పంపమన్నాను. మొదటి ఆటోలో పద్దెనిమిది డబ్బాలు దిగాయి.

నేను ప్లేట్లు సర్దుతున్నాను. నాంచారమ్మ వచ్చి డబ్బాలు తెరిచి, "వాటాలు తియ్యండే" అంది.

నలుగురు ఆడవాళ్ళు స్టీలు ప్లేట్లు పట్టుకొచ్చి వరసగా పేర్చారు. ప్లేటుకి రెండు ముక్కలు పెట్టడం మొదలుపెట్టారు. అతిథులింకా ఒక్క ముక్క ముట్టలేదు.

"ఎవరికే ఇవి?" అన్నాను.

"బోట్ల మీద పోయినోళ్ళకి. మూడు బోట్లు లోపలున్నయ్. బోటుకి ఎనిమిది మంది."

"సముద్రం మీదున్నవాళ్ళకి ఇక్కడ ఎలా పెడతావు?"

"ఆళ్ళ ఇంటికి పోద్ది. ఆళ్ళ వాటా ఆళ్ళ ఇంట్లోవాళ్ళు తింటారు. చేపలు పంచుకున్నప్పుడు జ్వరమొచ్చి పడుకున్నోడికి వాటా తియ్యమా? తిండి దగ్గర తియ్యమా?"

ఇరవై నాలుగు ప్లేట్లు అయ్యాయి. ఆ పైన ఇంకో అయిదు పేర్చారు.

"ఇవి?"

ఈసారి నాంచారమ్మ నా వైపు చూడకుండా చెప్పింది. "తిరిగి రానోళ్ళవి."

ఆ పేట నుంచి వేటకెళ్ళి ఒడ్డుకు చేరని మనుషులు అయిదుగురు. శవాలు కూడా దొరకలేదు. పేటలో ఏ విందు జరిగినా ఆ అయిదిళ్ళకీ వాటా వెళ్తుంది.

మొత్తం ఇరవై తొమ్మిది ప్లేట్లు, యాభై ఎనిమిది ముక్కలు. మిగిలేవి నూట ఎనభై రెండు. కావలసినవి రెండు వందల పదహారు. ముప్పై నాలుగు ముక్కలు తక్కువ. కిరణ్‌కి ఫోన్ చేశాను.

"పిండి అయిపోయిందండీ. ఇప్పుడు కలిపితే పొంగడానికే రెండు గంటలు పడుతుంది."

నాకు కోపం వచ్చింది. "ముందు చెప్పొద్దటే నాంచారమ్మా? వచ్చేవాళ్ళని రాసుకున్నాను గానీ రానివాళ్ళని రాయలేదే!"

"చెప్పాలా? అన్నం ముద్ద నోట్లో పెట్టుకోవాలని ఎవరన్నా చెప్తారా? ఇరవై ఏళ్ళ నుంచి మా పేటలో వండుతున్నావు. నీ డేగిసాలోంచి ఎన్నిసార్లు తియ్యలేదు?"

అప్పుడు తెలిసింది నాకు, వందకి ఆ రెండు కిలోలు ఎక్కడికి పోతున్నాయో. తిండిపుష్టి కాదు, నా మొహం. అన్నం రాశిలోంచి రెండు గరిటెలు పోతే ఎవరికీ కనిపించదు. కోసిన ముక్క లెక్కకి దొరుకుతుంది. ఇరవై ఏళ్ళుగా నేను లేనివాళ్ళకి వండుతున్నాను, ఆ సంగతి నాకే తెలీదు.

ఈలోపు దుర్గ తల్లి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అంది. "అమ్మా, మేడం వాళ్ళు చూస్తున్నారే. ముందు వాళ్ళకి పెట్టు. ఇవి తర్వాత పంపిద్దాం."

"తర్వాత పంపితే అది మిగిలింది పంపినట్టు. వాటా అవదు."

"అమ్మా, నువ్వు అర్థం చేసుకోవు..."

పద్మావతి మేడం లేచి వచ్చారు. "ఏంటి దుర్గా, ఈ ప్లేట్లు ఎక్కడికి?"

దుర్గ తలెత్తి అంతా చెప్పింది. బోట్ల మీదున్నవాళ్ళ గురించి చెప్పింది, ఆ అయిదుగురి గురించి చెప్పింది. చెబుతూ ఉండగా గొంతు గట్టిపడింది. ఆ అయిదుగురిలో ఒకడు తన మేనమామ అని కూడా చెప్పింది. స్నేహితులకి అప్పటిదాకా ఆ సంగతి తెలీదట.

మేడం వంగి ఒక ప్లేటు అందుకున్నారు. "దారి చూపించు" అన్నారు.

ఆ సాయంత్రం ఆ సందులో నేను చూసింది ఎలా రాయాలో నాకు ఇప్పటికీ తెలీదు. జీన్సు ప్యాంట్ల పిల్లలు, చుడీదార్ల పిల్లలు, తలా ఒక ప్లేటు పట్టుకుని, ఎండేసిన వలల పక్కనుంచి వరసగా నడిచారు. ముందు దుర్గ. ప్రతి గుమ్మం దగ్గర ఆగి ఎవరి వాటానో పేరుతో సహా చెప్పింది. మిగిలిన ప్లేట్లు పేట ఆడవాళ్ళు పట్టారు, ఒకటి నేను పట్టాను. హడావుడి లేదు. ఎవరూ ఏడవలేదు. సందులో ఉప్పు గాలి, చేపల వాసన, వాటి మీద కొత్తగా ఈ చీజు వాసన.

నేను పట్టింది ఏడుకొండలు వాటా, దుర్గ చెప్పిన ఆ మేనమామే. పోయి పదకొండేళ్ళు. వాళ్ళమ్మ గుమ్మంలో కూర్చునుంది, కళ్ళు సరిగా కనిపించవు. నా పక్కన గుడివాడ పిల్ల ఒకతి ఉంది. దుర్గ చెప్పింది: "అమ్మమ్మా, ఏడుకొండలు మావయ్య వాటా వచ్చింది."

ముసలావిడ లేచింది. కొంగు తల మీదికి లాక్కుని ప్లేటు రెండు చేతులా అందుకుంది. వాసన చూసింది.

"ఏంటే ఇది?"

"పిజ్జా అంటారు అమ్మమ్మా. రొట్టె."

"కారం ఉంటదా? ఆడు కారం లేందే తినడు."

తినేవాడు కాదు అనలేదు. తినడు అంది.

నా పక్కనున్న గుడివాడ పిల్ల గబగబా తన చేతిలోని చిన్న పొట్లం చించింది. పిజ్జాతో పాటు ఎండుమిరప గింజల పొట్లాలు ఇస్తారు, అది. వంగి రెండు ముక్కల మీదా జాగ్రత్తగా చల్లింది.

"చాలా అమ్మమ్మా?"

"ఇంకొంచెం."

ఇంకో పొట్లం చించింది.

షామియానా కిందికి తిరిగి వచ్చేసరికి రెండో ఆటో దిగింది. నాంచారమ్మ నడుం మీద చేయి పెట్టుకుని జనాన్ని చూస్తోంది. వేలంపాటలో కుప్పని చూసే చూపది. ఒక ముక్క కొరికింది, సాగిన చీజుని వేలితో తెంపింది, మళ్ళీ జనాన్ని చూసింది.

"సరిపోద్ది బాబాయ్."

"ఎలాగే?"

"ఆ ముసలోళ్ళు ఇరవై మంది ఉన్నారా, ఇది పళ్ళకి అంటుకుంటది, ఒక్కటి తిని పెరుగన్నం అడుగుతారు. గుడివాడ పిల్లలు ఆ అయిదిళ్ళూ చూసొచ్చారు, మూడోది దిగదు. రెండేసి తింటారు. ఏడో ఎనిమిదో మిగుల్తయ్. వడ్డించు."

వడ్డించాను. నా జీవితంలో అంత భయపడుతూ ఎప్పుడూ వడ్డించలేదు. ముసలివాళ్ళు ఒక్కటి తిని, "పెరుగన్నం ఉందంట కదా" అన్నారు. గుడివాడ పిల్లలు రెండు తిని చేతులు కడిగారు. చిన్నపిల్లలు కొందరు రెండోసారి వచ్చారు. ఒక్కరు కూడా ఖాళీ కడుపుతో పోలేదు. చివరి డబ్బా తెరిచి చూస్తే అయిదు ముక్కలు మిగిలాయి.

"ఏడన్నావు" అన్నాను.

నాంచారమ్మ మొహం ముడిచింది. "రెండు తప్పిందా? పిల్లల్ని సరిగా చూడలేదు. ఈ మధ్య కంట్లో శుక్లం వస్తంది." ఆ రెండు ముక్కలకి ఆవిడ నిజంగానే బాధపడింది. కూతురి పెళ్ళయినంత పని చక్కబెట్టి, రెండు ముక్కలు తప్పాయని బాధపడే మనిషిని చూసి నేను దణ్ణం పెట్టాను. వేళాకోళానికి కాదు.

ఆ విందు నాకు నేర్పింది పిజ్జా లెక్క కాదు. అది కాటా వేస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఆ తర్వాత ఏ ఎస్టిమేట్‌కి కూర్చున్నా, వచ్చేవాళ్ళెందరని అడగడానికి ముందు రాలేనివాళ్ళెవరని అడుగుతున్నాను. చాలామంది విసుక్కుంటారు. మా వృత్తిలో ఉన్న కుర్రవాళ్ళకి చెబుతున్నాను, విసుక్కున్నా అడగండి. కాసేపు ఆగితే చెబుతారు. మంచం మీదున్న అత్తగారని ఒకరు, ఆదివారం కూడా డ్యూటీ పడ్డ అల్లుడని ఒకరు.

మొన్నీమధ్య గుడివాడలో ఒక రిటైర్మెంటు విందు పట్టాను. రిటైరవుతున్న ఆయన్ని అలాగే అడిగాను. ఆయన, "రానివాళ్ళతో మీకేం పనండీ, వచ్చేది ఎనభై మంది, రాసుకోండి" అన్నారు. రాసుకుని లేవబోయాను. గుమ్మం దాకా వచ్చాక వెనక నుంచి పిలిచారు.

"మా అన్నయ్య ఉన్నాడండి. పామర్రులోనే. పిలవలేదు."

"రాయమంటారా?" అన్నాను.

ఆయన నా చేతిలోంచి పెన్ను తీసుకుని, ఆ పేరు తనే రాశారు.