యూట్ ఇంజిన్‌కి అమ్మ పూసిన పౌడర్

చిన్నప్పుడు న్యూజిలాండ్‌లోని టౌరంగాలో మా ఇంటి ముందు... సాయంత్రం అమ్మ డ్యూటీకి బండి తీయగానే నాన్న వెళ్లి ఆ బండి నిలిపిన చోటు చూసేవాడు. కింద పరిచిన అట్టముక్క మీద అరచేతంత నల్లటి ఆయిల్ మరక ఉండేది. అట్ట మడిచి బిన్‌లో వేసి, ఇంకోటి వెతుక్కునేవాడు.

మాకున్నది ఆ ఒక్క యూట్... వెనక తొట్టి ఉండే పికప్ బండిని ఇక్కడ అలాగే అంటారు. అప్పటికే ఇద్దరు ముగ్గురి చేతులు మారి మా దగ్గరికొచ్చింది. అమ్మకి రెస్ట్‌హోమ్‌లో ముసలివాళ్లను చూసుకునే నైట్ డ్యూటీ. నాన్నకి ఊరవతల కివీపండ్ల తోటలో పగటి పని. పొద్దున్నే అమ్మ దిగితే, వెచ్చగా ఉన్న అదే సీట్లో నాన్న ఎక్కేవాడు. పాపకి, అంటే నాకు, దగ్గు తగ్గలేదు, పప్పు పొయ్యి మీద ఉంది... వాళ్ల మాటలన్నీ ఆ బండి తలుపు దగ్గరే అయిపోయేవి.

ఆ ఏడు లీకు ఎక్కువైంది. అద్దె ఇంటి ఏజెంటు వచ్చి కాంక్రీటు పాడవుతోందని ఒకసారి హెచ్చరించి వెళ్లింది. బండి ఫిట్‌నెస్ చెకింగ్ కూడా దగ్గర పడింది. అది పాస్ కాకపోతే రోడ్డెక్కకూడదు. ఆ వేళల్లో బస్సులు లేవు. బండి ఆగితే ఇద్దరిలో ఒకరి పని ఆగినట్టే.

మా చర్చిలో డేవిడ్ అంకుల్ అని ఉండేవాడు. ఒకప్పుడు గాజువాకలో మెకానిక్ షెడ్డు నడిపినవాడు. వచ్చి కింద దూరి చూశాడు. ఇంజినూ గేర్‌బాక్సూ కలిసే చోట చుక్కలు పడుతున్నాయి.

"వెనక సీల్ పోయినట్టుంది తమ్ముడూ. గేర్‌బాక్స్ మొత్తం దింపాలి. ఇంత పాత బండికి అంత పని దండగ... వదిలించేసుకో" అన్నాడు.

ఆయన వెళ్లాక నాన్న గుమ్మం మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఎవరు పని మానాలి అన్న మాట వచ్చింది. పోట్లాట కాలేదు. పోట్లాడే ఓపిక ఇద్దరికీ లేదు.

కాసేపటికి అమ్మే అంది. "ఏవండీ, మొన్న మా రెస్ట్‌హోమ్‌లో ఒక పెద్దాయన దుప్పటికి రక్తం అంటితే కాలికి దెబ్బ తగిలిందనుకున్నాం. ఒళ్లంతా తుడిచి చూస్తే దెబ్బ మోచేతికి. ఇది కూడా ఓసారి కడిగి చూద్దామండీ."

శనివారం పొద్దున అమ్మ డ్యూటీ నుంచి వచ్చి పడుకోలేదు. యూనిఫాం మార్చుకుని, చేతికి రబ్బరు గ్లోవ్సు వేసుకుని వచ్చింది. జిడ్డు వదిలే మందు కొట్టి, పాత లుంగీ పీలికలతో, వంటింటి మసిగుడ్డలతో ఇద్దరూ ఇంజిన్ తుడిచారు. ఏళ్ల నాటి మడ్డి... ఎంత తుడిచినా వస్తూనే ఉంది. చివరికి లోహం రంగు బయటపడింది. బాగా ఆరాక, అమ్మ లోపలికెళ్లి నాకు చెమటకాయలకి రాసే పౌడర్ డబ్బా తెచ్చి ఇంజిన్ వెనక వైపంతా చల్లింది. నాన్న బండిని నాలుగు వీధులు తిప్పుకొచ్చాడు.

బానెట్ ఎత్తగానే వేడి ఆయిల్ వాసనలో గంధం పౌడర్ వాసన కొట్టింది. నాన్న టార్చి వేశాడు. ఇంజిన్ పైమూత వెనక మూలలో మొదలై, తెల్లటి పౌడర్ మధ్యగా సన్నటి తడి గీత ఒకటి కిందికి జారుతోంది. అదే వెనకనుంచి పాక్కుంటూ గేర్‌బాక్స్ దాకా వెళ్లి చుక్కలుగా పడుతోంది.

"సీల్ కాదు రూతూ... పైమూత గాస్కెట్టే" అన్నాడు నాన్న. బానెట్ పట్టుకుని అలాగే కాసేపు కళ్లు మూసుకున్నాడు.

అది ఇంట్లో మార్చుకోగలిగిన పనే. మధ్యాహ్నానికి స్పేర్ పార్టుల షాపు నుంచి కొత్త గాస్కెట్ తెచ్చాడు. మూత ఊడదీస్తే పాత గాస్కెట్ రబ్బరు అప్పడంలా విరిగింది. అంచులు గీకి, తుడిచి, మూలల్లో సీలెంట్ పెట్టి, కొత్తది అమర్చాడు. బోల్టులు ఒకేసారి బిగిస్తే మూత వంగుతుందని, మధ్య నుంచి బయటికి కొంచెం కొంచెంగా తిప్పాడు. అమ్మ ముక్కాలిపీట మీద కూర్చుని, అన్నం పళ్లెంలో వేసిన బోల్టులు ఒక్కొక్కటే అందించింది. ఆ మధ్యలో ఎన్ని మాటలో... అమ్మమ్మ కంటి ఆపరేషన్, నా స్కూలు, ఇక్కడే ఉండిపోదామా అని. అమ్మానాన్నలు అంతసేపు మాట్లాడుకోవడం నేను ఎప్పుడూ వినలేదు.

చివర్లో అమ్మ మాట ఆగిపోయింది. కూర్చున్న చోటే, చేతిలో స్పానర్‌తోనే నిద్రపోయింది. లేపవద్దని నాన్న నాకు వేలు చూపించాడు. ఆ స్పానర్ మెల్లగా తీసుకుని, మిగిలిన బోల్టులు చప్పుడు చేయకుండా బిగించాడు.

మర్నాడు సీలెంట్ ఆరాక బండి తిప్పి తెచ్చి ఆపారు. సాయంత్రం దాకా అట్టముక్క పొడిగానే ఉంది. చెకింగ్ పాసైంది. ఏజెంటు మళ్లీ వచ్చినప్పుడు పాత మరకలు చూసి నిట్టూర్చింది గానీ ఖాళీ చేయమనలేదు. ఆ యూట్ తుప్పు పట్టి మూలపడేదాకా ఇంకొన్నేళ్లు తిరిగింది.

సోమవారం నుంచి అంతా మామూలే... ఒకరు దిగడం, ఒకరు ఎక్కడం. బండి బాగైంది కదా, మరి పనికి పోవాలి.

ఇప్పుడు నేను ఆక్లండ్‌లో, మౌంట్ రాస్కిల్ అనే పేటలో ఉంటున్నాను. మాకు రెండు కార్లు. సర్వీసు టైమైతే ఫోనే చెబుతుంది. తాళం ఇచ్చేసి వస్తాం, ఏం బాగుచేశారో కూడా అడగం. నేనూ మా ఆయనా ఇద్దరం షిఫ్టులే. పాలు తెచ్చావా అన్నది కూడా మెసేజే...

మొన్న ఫోన్లో అమ్మని ఆ శనివారం గురించి అడిగాను. గుర్తు లేదంది. "ఏ శనివారమే? అప్పట్లో నాకు ఎప్పుడూ నిద్ర చాలేది కాదు, అదొక్కటే గుర్తు" అంది.

అమ్మానాన్నలు మరిచిపోయి మీ దగ్గర మాత్రమే మిగిలిపోయిన రోజు ఏదైనా ఉందా? ఉంటే కింద రాయండి... తీరిక దొరికినప్పుడు ఒక్కొక్కటీ చదువుకుంటాను.