మలుపు అవతలి పసుపు గీత

రేసు మైదానంలో అందరూ ఆయన్ని ఒంటికన్నాయన అనేవారు. నిజానికి రెండు కళ్ళూ నిక్షేపంగా ఉన్నాయి. నలభై ఏళ్ళపాటు ఎడమకన్ను మూసుకుని, కుడికన్ను కెమెరాకి ఆనించి బతికినందుకు వచ్చిన బిరుదది.

ఆయన ఫొటోలు తీసింది పాతకాలపు రేసుకార్లకి. పాత కారుని ప్రేమించేవాడు దాంట్లో తిరిగేది ఒకపూటైతే దాని కింద పడుకునేది మూడుపూటలు. అయినా ఏటా రెండుసార్లు ఆ కార్లు ఒళ్ళు తుడుచుకుని, దగ్గుకుంటూ పందానికి వచ్చేవి. ఎవరు గెలిచారో సాయంత్రానికి ఎవరికీ గుర్తుండేది కాదు. ఆయన ఫొటోలు మాత్రం ఉండిపోయేవి.

ఆ పనికి ఒక పద్ధతుంది. పరిగెత్తే కారుని కెమెరాతో వెంబడించాలి. కాళ్ళు కదలకూడదు, నడుం పైభాగం తిరగాలి, ఆ తిరగడంలోనే మీట నొక్కాలి. కుదిరితే కారు మేకు కొట్టినట్టు నిలబడుతుంది, వెనకున్న లోకమంతా అలుక్కుపోయి గీతలవుతుంది. కుదరకపోతే కారు చెదిరిపోయి, వెనకాల గోడా గడ్డీ స్పష్టంగా పడతాయి. అలాంటిదాన్ని ఆయన ఇంటికి రానిచ్చేవాడు కాదు. ప్రింటు చించి, నెగటివుకి కత్తెర వేసేవాడు.

ఏ ఫొటోలో ఏ కారుందో రాసుకోవడం భార్య పని. మొదట్లో పక్కనే నిలబడేది. ఒకసారి తిరుగుతూ తిరుగుతూ ఆయన మోచెయ్యి ఆవిడ దవడకి తగిలింది. అప్పట్నించీ మలుపుకి అవతలివైపు, పసుపు శాలువా కప్పుకుని, నోటుపుస్తకంతో గడ్డిమోపుల మీద కూర్చునేది. ఆయన మోచెయ్యి ఎన్నిసార్లు తిరిగిందో అక్కణ్ణించే లెక్కపెట్టి, కారు నెంబరు రాసుకునేది. నీ ఫొటో ఒక్కటి తీస్తానని ఆయనెప్పుడన్నా అంటే తోసిపుచ్చేది. “ముందు కారు తియ్యండి. అది వెళ్ళిపోతుంది. నేనెక్కడికి పోతాను?”

కిందటేడు చలికాలంలో ఆవిడ పోయింది.

కూతురు వచ్చి, గోడకి పెట్టుకోవడానికి అమ్మ ఫొటో ఒకటి ఇమ్మంది. ఇంట్లో తీసినవన్నీ ఆవిడే తీసింది, అందుకని ఒక్కదాంట్లోనూ లేదు. పెళ్ళిఫొటోలో ఉందిగానీ సిగ్గుతో తల దించుకుని ఉంది. ఆయన బీరువా తెరిచి నలభై ఏళ్ళ రేసులూ నేలమీద పరిచాడు. ప్రతి మలుపులోనూ ఆవిడ ఉంది. ఎర్రకారు వెనకాల, ఆకుపచ్చకారు వెనకాల, ఒక పసుపు గీత. చెయ్యి ఎంత బాగా తిరిగితే గీత అంత నున్నగా వచ్చింది. బిడ్డని చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే కాబోలు. కాకపోతే ఆ బిడ్డని చెరిపేసింది కూడా తన చెయ్యే.

ఒక్కసారన్నా తప్పు చేసి ఉంటే బాగుండునని జీవితంలో మొదటిసారి అనుకున్నాడు. చేసినవేమో కత్తెర పాలయ్యాయి.

ఆ మాట మెకానిక్‌తో అన్నాడు. ముప్పై ఒకటో నెంబరు కారుకి అది పందెంలోకి దిగినప్పట్నించీ వైద్యుడు ఆయనే. ఒంటికన్నాయన కూతురు ఆయన్ని మసిబాబాయ్ అని పిలిచేది. మెకానిక్ పనిముట్ల పెట్టె మూత ఎత్తి చూపించాడు. లోపలివైపు అరచెయ్యంత ఫొటో అంటించి ఉంది. అందులో ముప్పై ఒకటి ఎర్రటి మరకలా ఉంది.

“నువ్వు చించబోతుంటే లాక్కున్నాను, గేరుపెట్టె మార్చిన ఏడు,” అన్నాడు మెకానిక్. “నీ మంచి ఫొటోల్లో నా బండి ఆగిపోయినట్టుంటుంది. పరిగెత్తింది ఇందులోనే. నేను బండినే చూశాన్రా, వెనకాల వదిన ఉందని ఇప్పుడే చూస్తున్నా.”

ఎర్రమరకకి పైన, అవతల ఆవిడ ఉంది. శాలువా కుచ్చులు విడివిడిగా కనిపిస్తున్నాయి. చేతిలో పెన్సిలుంది. పాపిట సూటిగా ఉంది. ముఖం మాత్రం లేదు, తల దించుకుని ఉంది.

ఊడదీస్తే చిరిగిపోతుందని మెకానిక్ మూత మరలు విప్పి మూతతోసహా ఇచ్చేశాడు. పెట్టెకి దుమ్ము పట్టదా అంటే, పట్టనీ, మసికి దుమ్ము ఒక లెక్కా అన్నాడు.

కూతురు చాలాసేపు చూసింది. “రాసుకోవడానికి వంగింది కదూ నాన్నా?” అంది. అంతే అయ్యుంటుందన్నాడు. కానీ ఆ ఒక్కసారి చెయ్యెందుకు తప్పిందో ఎంత ఆలోచించినా ఆయనకి గుర్తురాలేదు. మనిషి గెలుపులన్నీ దాచుకుంటాడు, తప్పుల్ని దాచిపెట్టేది పక్కవాళ్ళు.

గేరుపెట్టె మార్చిన ఏడాది నోటుపుస్తకం అరలో దొరికింది. అన్నీ నెంబర్లే, పేజీలకి పేజీలు. ముప్పై ఒకటి దగ్గర మాత్రం చిన్న అక్షరాల్లో రెండు వరుసలున్నాయి.

“మూడో చుట్టు. మోచెయ్యి ఆగిపోయింది. కారుని వదిలేసి ఇటు చూస్తున్నారు. ఎందుకని అడక్కూడదు.”

ఆయన మళ్ళీ ఫొటో అందుకున్నాడు. పెన్సిలు మొన ఇంకా కాయితాన్ని తాకలేదు. అంటే, తల వంచింది రాయడానికి కాదు. పెళ్ళిఫొటోని తెచ్చి పక్కనపెట్టి చూశాడు. అదే పాపిట, అదే వంపు.

ఎడమకన్ను దానంతటదే మూసుకుంది. తెరిచి, రెండు కళ్ళతో చూశాడు.