రెండు హీటర్లు, ఒక ఫీజు మాఫీ

ఆ రోజుల్లో నాకు ఎవరైనా అన్యాయం చేస్తే కోపం వెంటనే వచ్చేది కాదు. మెల్లగా వచ్చేది, వచ్చాక ఇక పోయేది కాదు. ఇప్పుడూ అంతే. కాకపోతే ఇప్పుడు ఉద్యోగం, ఇల్లు, ఇద్దరు పిల్లలు కూడా ఉన్నారు కాబట్టి ఒక్కో కోపానికి ఇవ్వాల్సినంత సమయం ఇవ్వలేకపోతున్నాను. బహుమతి ఇస్తూ నా పేరు నోరు తిరగక "తర్వాతి అమ్మాయి" అని పిలిచిన ప్రిన్సిపాల్ నాకింకా గుర్తున్నాడు. డబ్బు కలిసొస్తుందని నా పుట్టినరోజు కేకు మీద తమ్ముడి పేరు కూడా రాయించిన నాన్న గుర్తున్నాడు. (వాడి పుట్టినరోజుకి ఇంకా నెల ఉంది. అడిగితే, "అడ్వాన్సుగా తల్లీ" అన్నాడు.) ఇన్ని గుర్తుపెట్టుకున్నదాన్ని, స్కూలు చదువు చివరి ఏడాది జరిగిన సంగతి మర్చిపోతానా?

అప్పుడు మేం ఇన్వర్‌కార్గిల్‌లో ఉండేవాళ్ళం. న్యూజిలాండ్‌కి అదే చివర. అక్కడినుంచి ఇంకా కిందికి వెళ్తే ఇక సముద్రమూ మంచూను. నాన్న తెనాలి నుంచి అక్కడి పాలిటెక్నిక్‌లో చదువుకోవడానికి వచ్చి, చదువయ్యాక పాలపొడి ఫ్యాక్టరీలో చేరి అక్కడే ఉండిపోయాడు. అమ్మ ఒక వృద్ధాశ్రమం వంటగదిలో పనిచేసేది. అద్దెకున్న చెక్క ఇంట్లో చలి ఎలా ఉండేదంటే, అందరూ బయటినుంచి వచ్చి కోటు విప్పుతారు, మేం లోపలికి వచ్చి కోటు వేసుకునేవాళ్ళం. ఉన్న ఒక్క హీటరూ స్నానాల వేళ బాత్రూం ముందు, పరీక్షలప్పుడు నా కాళ్ళ దగ్గర ఉండేది. సోఫా వెనక ఒక పెద్ద బుట్టలో దుప్పట్లు ఉండేవి. సాయంత్రం అవగానే ఎవరి దుప్పటి వాళ్ళు లాక్కుని టీవీ ముందు కూర్చునేవాళ్ళం. ఇదొక కష్టమని మాకెప్పుడూ తోచలేదు. బయట వాన పడుతుంది, ఇంట్లో దుప్పటి కప్పుకుంటారు, అంతే.

నాకు యూనివర్సిటీ ఉన్న డునెడిన్ వెళ్ళి ఫార్మసీ చదవాలని ఉండేది. అక్కడ చదవాలంటే ముందు హాస్టల్ దొరకాలి. హాస్టల్‌కి అప్లై చేయడానికీ ఫీజు, చేర్చుకుంటామంటే సీటు ఖాయం చేసుకోవడానికీ ఫీజు. ఒక్కచోట పెడితే రాకపోవచ్చని నాలుగుచోట్ల పెట్టాలి. మా ఊళ్ళో ఒక ట్రస్టు ఉండేది. మైనారిటీ కుటుంబాల్లో బాగా చదివే పిల్లలకి ఇలాంటి కాలేజీ ఫీజులన్నీ మాఫీ చేయించేది. ఆ సంగతి చెప్పింది స్కూల్లో పై చదువులకి సలహాలిచ్చే కెరీర్ల టీచరమ్మ. చెప్పి ఊరుకుంటే బాగుండేది. నా మార్కులు చూసి, "ఆఁ, మీవాళ్ళందరికీ ఇలాగే వస్తాయిగా" అంది.

మావాళ్ళందరికీ! ఇన్వర్‌కార్గిల్‌లో మావాళ్ళందరినీ పోగేసినా ఒక చిన్న హాలు నిండదు. అందులో కెమిస్ట్రీలో మొదటి మార్కు తెచ్చుకున్నది నేనొక్కదాన్నే. అది కూడా చేతులు మంచుగడ్డలైపోతుంటే చదివి. దానికి నాకు రావాల్సిన పేరు మావాళ్ళందరికీ పంచిపెట్టింది ఆవిడ. సరిగ్గా ఆ క్షణానే ఫీజు మాఫీ నాకు డబ్బు సంగతి కాకుండా పోయింది. ఎవరో ఒకరు, సంతకం పెట్టి మరీ, ఈ మార్కులు ఈ పిల్లవే అని ఒప్పుకోవాలి.

ఇంట్లో చెప్పగానే నాన్న కంగారుపడ్డాడు. "మైనారిటీ ఏంటే, మనం కాదుగా? సర్టిఫికెట్టు అడిగితే ఎక్కడ తెస్తాం, ఇక్కడ ఎమ్మార్వో ఆఫీసు కూడా లేదు."

"నాన్నా, ఈ వీధిలో మనం కాక ఇంకెవరైనా తెలుగువాళ్ళున్నారా?"

"లేరు."

"మరి మనమే మైనారిటీ."

నాన్న, తెనాలిలో ఉన్నన్నాళ్ళూ లేని గౌరవం ఇక్కడికొస్తే వచ్చిందన్నాడు. అమ్మ మాత్రం ఆక్లాండ్‌కి ఫోన్ చేసింది. అక్కడ బోటనీ డౌన్స్‌లో మా పిన్ని ఉంటుంది. బాబాయి కంప్యూటర్ ఉద్యోగం, పెద్ద ఇల్లు. స్పీకర్‌లో పిన్ని గొంతు ఇల్లంతా వినిపించింది. "అయ్యో అక్కా, అలాంటివి బాగా లేనివాళ్ళకిస్తారే. ఇంటికొచ్చి చూస్తారు కూడానట. తీసుకుంటే తీసుకోండిగానీ, మనవాళ్ళెవరితోనూ అనకండి." (పిన్ని ఖాతాలో ఇది ఎన్నోదో చెప్పను. వంటలో నా చెయ్యి గురించి అన్నవే చాలా ఉన్నాయి.)

ఫోన్ పెట్టేశాక అమ్మ ముఖం చూసి నాకు భయం వేసింది. "రానీ. వచ్చి చూడనీ. మన ఇంట్లో ఏం లోటుందో నేనూ చూస్తా" అంది.

"అమ్మా, లోటుంటేనే కదా ఇచ్చేది!"

"బాగా చదివినందుకు ఇస్తారన్నావుగా? చదువు నీది చూసుకో. ఇల్లు నాది."

అప్లికేషన్ పంపాక ట్రస్టువాళ్ళు వస్తామన్న రోజు జూలైలో, సాయంత్రం. అక్కడ జూలై అంటే నడి చలికాలం, ఐదింటికే చీకటి. పొద్దుటినుంచే అమ్మ యుద్ధానికి దిగింది. తెలిసినవాళ్ళ ఇంటినుంచి రెండు పెద్ద హీటర్లు, డిన్నర్ సెట్టు అరువు వచ్చాయి. దుప్పట్ల బుట్ట మీద ఓ పట్టుగుడ్డ కప్పి, పైన పూలకుండీ పెట్టింది. తను కంచిపట్టు చీర, కాసుల పేరు. నాకు బుట్ట కమ్మలు. నాన్నకి పెళ్ళినాటి సూటు. ఆ సూటు గుండీలు నాన్నను పెళ్ళికొడుకుగా ఎరుగును గానీ, తర్వాత సంగతులు వాటికి తెలియవు. గారెలు, పులిహోర, పరమాన్నం, బజ్జీలు. నాలుగు కరెంటు పొయ్యిలూ వెలుగుతున్నాయి. నేను గదిలో కూర్చుని, నా మాఫీ నా కళ్ళముందే నూనెలో వేగిపోతోందని ఏడుపు దిగమింగుకుంటున్నాను.

ట్రస్టునుంచి ఇద్దరొచ్చారు. ఒకాయన గొర్రెల ఫాం ఉన్న పెద్దాయన. ఆ చలిలో నిక్కరు వేసుకుని వచ్చి, గుమ్మంలో రబ్బరు బూట్లు విప్పితే, మేజోట్లోంచి బొటనవేలు బయటికి చూసింది. అమ్మ నా చెవిలో, "పాపం, ముందు ఈయనకెవరైనా ఇవ్వాలే" అంది. రెండో ఆవిడ పొట్టి తెల్లజుట్టు, పొదుపు మాట. ఇద్దరూ సోఫాలో కూర్చున్నారు. ఒక హీటరు వాళ్ళ కుడిపక్క, ఒకటి ఎడమపక్క. పెద్దాయన చొక్కా చేతులు పైకి మడిచాడు.

"చదువు ఖర్చుల విషయంలో ఇంట్లో ఏమైనా ఇబ్బంది ఉందా?" అని మర్యాదగా అడిగాడాయన.

అమ్మ నావైపు తిరిగింది. "చెప్పు. దేవుడి దయవల్ల మాకే ఇబ్బందీ లేదని చెప్పు."

నేను ఇంగ్లీషులో, "దేవుడి దయవల్ల ఎలాగో నెట్టుకొస్తున్నామంటోంది అమ్మ" అన్నాను.

అమ్మ పనిచేసేది ఇంగ్లీషు ముసలివాళ్ళ మధ్య, ఆ మాత్రం అర్థమవుతుంది. "నో నో!" అంది చెయ్యి అడ్డంగా ఊపుతూ. "నో ఎలాగో. వెరీ గుడ్ కండిషన్!"

నాన్న తనూ ఒక చెయ్యి వేయాలనుకున్నాడు. "మా మరదలికి ఆక్లాండ్‌లో నాలుగు బెడ్‌రూముల ఇల్లుంది" అన్నాడు. తెల్లజుట్టావిడ అలాగా అన్నట్టు తలూపింది. ఆ ఊపుతో నేను డునెడిన్ ఆశ వదిలేసుకున్నాను.

అంతలో అమ్మ టీ కోసం కెటిల్ ఆన్ చేసింది.

టక్. ఫ్యూజు కొట్టేసింది. ఇల్లంతా చీకటి. రెండు హీటర్లు, నాలుగు పొయ్యిలు, కెటిల్ కలిసి మోయమంటే ఆ పాత ఇల్లు మాత్రం ఏం చేస్తుంది? "నేను చూస్తా, నేను చూస్తా" అంటూ నాన్న బయట మీటరు పెట్టె దగ్గరికి పరిగెత్తాడు. అది ఇలాంటప్పుడు బుద్ధి తెచ్చుకోవడానికి కొంత బతిమాలించుకునేది. ఆ చెక్క గోడల్లోంచి వేడి ఎంత తొందరగా పోయిందంటే, అది వచ్చిందని అప్పటికి గోడలకి తెలిసినట్టే లేదు. చీకట్లో పూలకుండీ పక్కకి జరిగిన చప్పుడు వినిపించింది. నా ఒళ్ళో ఏదో మెత్తగా పడింది. నా దుప్పటే. వాసన పట్టి చెప్పగలను.

లైటు వచ్చింది. తెల్లజుట్టావిడ మా తమ్ముడి డైనోసార్ల దుప్పటి మెడదాకా కప్పుకుని కూర్చుని ఉంది. పెద్దాయన మోకాళ్ళ మీద అమ్మమ్మ కుట్టిన బొంత. మధ్యలో అమ్మ. కంచిపట్టు చీర మీద, కాసుల పేరు మీద, నాన్న పసుపుపచ్చ ఫ్యాక్టరీ కోటు, దాని పట్టీలు లైటుకి తళతళ మెరుస్తున్నాయి. తలమీద ఉన్ని టోపీ. చేతిలో గారెల పళ్ళెం. ఇదంతా చెయ్యాలనుకుని చేసింది కాదు. చలి వేసింది, చేతులు వాటంతటవే రోజూ చేసే పని చేసేశాయి. తనను తాను చూసుకుని అమ్మ బొమ్మలా నిలబడిపోయింది. టోపీ తియ్యాలో వద్దో తెలియలేదు.

పెద్దాయన గొంతు సవరించుకుని, "ఆ గారెలు ఇంకో రెండున్నాయా?" అన్నాడు.

మూడోవారం ఉత్తరం వచ్చింది. "మీ ఇంటికి వచ్చి మీ కుటుంబాన్ని కలవడం మాకెంతో సంతోషం. ఆ ఆతిథ్యం మర్చిపోలేము. మీ ఫీజులన్నీ మాఫీ చేయిస్తున్నాం." అమ్మ చదివించుకుని, "చూశావా?" అంది. నాన్న, "ఫ్యూజు పోవడమే మంచిదైంది, చూసి జాలిపడ్డారు" అన్నాడు. "జాలేంటండీ, గారెలు!" అంది అమ్మ. ఇద్దరూ అలా వాదించుకుంటుంటే నేను ఉత్తరం అటూ ఇటూ తిప్పి చూశాను. మార్కుల గురించి ఒక్క ముక్క లేదు. కెమిస్ట్రీ లేదు. అంటే జాలికో గారెలకో ఇచ్చారన్నమాట! డునెడిన్ దారి తెరుచుకుందన్న సంతోషం ఓ పక్క పొంగుతూనే ఉంది గానీ, అది నన్నాపలేదు. సైకిల్ తీసుకుని ఫిర్యాదు చెయ్యడానికి బయల్దేరాను. (మాఫీ రాలేదని ఫిర్యాదు చేసినవాళ్ళుంటారు. వచ్చినందుకు చేసినదాన్ని ఆ ట్రస్టు చరిత్రలో నేనొక్కదాన్నే అయుంటాను.)

ఆఫీసు అంటే చర్చి వెనక ఒక గది. తెల్లజుట్టావిడ ఒక్కతే ఉంది. నిలబడే అడిగాను. "మీరు నాకిది ఎందుకిచ్చారు? చలి చూసా, తిండి చూసా?"

ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను చూసింది. "మార్కులు చూసి. అవి మా చేతికొచ్చిన రోజే నీ పేరు ఖాయం చేశాం. మొదటి పేరు నీదే."

"మరి ఇంటికెందుకొచ్చారు?"

"పిల్లలు నిజంగా ఈ ఊళ్ళోనే ఉంటున్నారో లేదో చూడటానికి. అందరి ఇళ్ళకీ వెళ్తాం, గుమ్మంలో పలకరించి వచ్చేస్తాం. మీ ఇంట్లోనే లోపల కూర్చున్నది. మీ అమ్మగారు వదల్లేదుగా."

"ఉత్తరంలో మార్కుల మాటే లేదు మరి!"

"నీ మార్కులు నీకు తెలుసుగా" అందావిడ. "మీ అమ్మగారికి కృతజ్ఞతలే ఆ రోజు చీకట్లో సరిగా చెప్పలేదు, అందుకే అవి రాశాం."

నాకు కావాల్సిన జవాబు అచ్చంగా అదే. అయినా ఒళ్ళు మండింది. అంత సరైన జవాబు చెప్తే మనిషి ఏమని పోట్లాడాలి? థాంక్స్ చెప్పి బయటికొచ్చాను. అమ్మకి చెప్పాలి, వెంటనే చెప్పాలి, ఆ హీటర్లూ ఆ బజ్జీలూ ఆ సూటూ ఏవీ అక్కర్లేదు, మేం పొయ్యి వెలిగించకముందే అంతా అయిపోయిందని చెప్పాలి అనుకుంటూ ఇంటికొచ్చాను.

అమ్మ ఫోన్లో ఉంది. "లేనివాళ్ళకి ఇచ్చేది కాదే. ఇల్లు చూసి, మర్యాద చూసి ఇచ్చారు. ఆ పెద్దాయనైతే గారెలు మళ్ళీ అడిగి మరీ తిన్నాడు. నీకు రాసి పంపనా, పప్పు ఎంతసేపు నానాలో?" అవతల పిన్ని ఒక్క మాటా అనడం లేదు. అలాంటి నిశ్శబ్దం ఆ ఫోన్లో నేనెప్పుడూ వినలేదు. తెరిచిన నోరు మూసేసి నా గదిలోకి పోయాను.

ఇప్పుడు డునెడిన్‌లో ఫార్మసిస్టుని. అమ్మ మా ఇంటికి వచ్చినప్పుడల్లా నా స్నేహితులకి, పిల్లల టీచర్లకి, ఒకసారి గ్యాసు మనిషికి కూడా, తన గారెల వల్లే నాకీ చదువు వచ్చిందని చెప్తుంది. నేను చిన్నదానికీ పెద్దదానికీ గొడవపడే మనిషినని మా ఆయన్నడిగినా చెప్తాడు. ఈ ఒక్కదానికి మాత్రం ఇన్నేళ్ళూ ఏమీ అనలేదు. అమ్మ చెప్తుంటే, మొదటి పేరు నీదే అన్న మాట గుండెల్లో పెట్టుకుని, తగవుకి ఇక ఏమీ మిగలక, ఊరికే ఎదురుగాలిని తిట్టుకుంటూ సైకిల్ తొక్కుకొస్తున్న ఓ పదిహేడేళ్ళ పిల్ల కళ్ళముందు కనిపిస్తుంది. పాపం, గెలిచి కూడా ఎంత ముఖం ముడుచుకుందో!