మూడు కాళ్ళ ముడి

ఎంకయ్యకు అనుమానం ఎక్కువని ఇబ్రహీంపట్నంలో అందరికీ తెలుసు. ఎంకయ్యకు కూడా తెలుసు, కాకపోతే ఆయన దాన్ని జాగ్రత్త అనేవాడు. చేపలు తూచే చోట తక్కెడ కిందికి వంగి చూసేవాడు. దారం ఉండ కొంటే, పైన మంచిది చుట్టి లోపల నాసిది పెట్టారేమోనని దుకాణంలోనే సగం విప్పేవాడు. భార్య సిద్దమ్మ ఒక పూట కూర కాస్త రుచిగా వండిందంటే చాలు, "ఏంది కథ, మీ అన్న వస్తున్నడా?" అని అడిగేవాడు. ఆమె ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం మానేసి చాలా ఏళ్ళయింది.

పుట్టింది చెరువు మీద బతికే ఇంట్లో. చెరువు ఎండిపోయిన ఏళ్ళలో ఆయన ఈడువాళ్ళంతా గోదాముల్లో పనికి పోతే, ఎంకయ్య మాత్రం వాకిట్లో కూర్చుని వలలు అల్లుతూనే ఉన్నాడు. చేపల్లేని ఊళ్ళో వలలెందుకని జనం నవ్వారు. ఆయన వాటిని మొదట క్రికెట్ ప్రాక్టీసుకు అమ్మాడు, తర్వాత ఫుట్‌బాల్ గోల్ పోస్టులకు. మళ్ళీ వానలు పడి చెరువు నిండింది, చేపలూ వచ్చాయి. ఎంకయ్య మాత్రం ఫుట్‌బాల్‌ను వదల్లేదు. అప్పటికే కొడుకు తిరుమల్ ఇబ్రహీంపట్నం జట్టుకు గోల్‌కీపర్ అయ్యాడు మరి.

ఇబ్రహీంపట్నానికీ తుక్కుగూడకూ మధ్య నడిచేదాన్ని ఉత్త ఆట అనడానికి నోరు రాదు. రెండు జట్లూ జీతాలిచ్చి ఆటగాళ్ళను పెట్టుకున్నాయి. మనవాళ్ళు అక్కడికి పోతే బట్టలు మార్చుకునే గది తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలిసేది కాదు. వాళ్ళు ఇక్కడికి వస్తే ముందురోజే మైదానం నిండా నీళ్ళు పారేవి, ఎందుకంటే వాళ్ళు ఉరుకుడులో మొనగాళ్ళు, బురదలో ఉరకలేరు. గెలుస్తున్న జట్టులో ప్రతివాడికీ చివరి పది నిమిషాల్లో పిక్క పట్టేసేది. ఇదంతా తప్పని ఎవరూ అనుకోలేదు. తెలివి అనుకున్నారు.

ఆ తెలివిలో ఎంకయ్యకూ వాటా ఉంది. గోల్ వల బిగుతుగా ఉంటే పడిన బంతి ఎగిరి వెనక్కొస్తుంది. ఆయన కావాలని కింద నాలుగు వరుసలు ఎక్కువ అల్లి, చేపలు పట్టే సంచికి వదిలినట్టు కడుపు వదిలేవాడు. వెనకబడిన తుక్కుగూడవాళ్ళు ఎలాగో ఒక గోల్ కొట్టి, బంతి తీసుకుని మైదానం మధ్యకు పరిగెత్తుదామంటే, అది మడతల్లో చిక్కుకుని వచ్చేది కాదు. అర నిమిషం హారతి కర్పూరం. ఇంటికొచ్చాక తండ్రీకొడుకులు ఆ అర నిమిషాన్ని తలుచుకుని పొట్టలు పట్టుకుని నవ్వేవారు. సిద్దమ్మ నవ్వేది కాదు.

ఈ ఏడు ఫిబ్రవరిలో కప్పు ఆఖరి ఆట ఇబ్రహీంపట్నంలోనే జరిగింది. హైదరాబాదు నుంచి ఒక పెద్ద క్లబ్బు మనిషి తిరుమల్ ఆట చూడ్డానికే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నచ్చితే వాళ్ళ జట్టులోకి తీసుకుంటారు, పట్నంలో ఉండి ఆటే ఉద్యోగంగా బతకొచ్చు. తిరుమల్‌కు ఇరవై మూడు దాటాయి, ఇలాంటిది మళ్ళీ రాదు. ఎంకయ్యకు వారం రోజులుగా ముద్ద దిగలేదు.

ముద్ద దిగకపోయినా అనుమానం తగ్గలేదు. ఆట మొదలవకముందు రెండు వలల్లోనూ ప్రతి కన్నూ వేలితో తడిమి చూశాడు. తుక్కుగూడ నుంచి మూడు ఆటోల జనం వచ్చి గోల్ వెనకే నిలబడటం ఆయనకు నచ్చలేదు. సగం ఆట అయ్యాక, జట్లు వైపులు మారేటప్పుడు, మళ్ళీ పోయి రెండు వలలూ తడిమాడు. ఒక్క పోగు తెగలేదు. తిరుమల్ అప్పుడే వచ్చి తన గోల్‌లో నిలబడుతూ, "ఎన్నిసార్లు జూస్తవ్ బాపు, పో, పోయి కూసో," అన్నాడు.

అప్పటికి మనవాళ్ళది ఒక గోల్, వాళ్ళది సున్నా. ఇంకా ఆరేడు నిమిషాల ఆట ఉందనగా తుక్కుగూడ వినీత్‌కు బంతి దొరికింది. వినీత్‌ది ఎడమకాలు, ఎప్పుడూ ఒకే మూలకు, నేల బారుగా కొడతాడు. అలాగే కొట్టాడు. తిరుమల్ పడ్డాడు, అందలేదు. మరుక్షణం బంతి గోల్ వెనకాల జనం కాళ్ళ దగ్గర దొర్లుతోంది, వల మాత్రం కదిలీ కదలనట్టు ఊగింది. పక్కనుంచి పోయిందనుకుని రిఫరీ రాంచందర్ గోల్ కాదన్నట్టు చెయ్యి ఊపాడు. వినీత్ నెత్తి పట్టుకుని వలలోకి ఉరికి, పోస్టు పక్కన కింద ఉన్న బొక్కలోంచి తల పెట్టి చూపించాడు. తుక్కుగూడ జనమంతా మైదానంలోకి వచ్చేశారు.

రాంచందర్ వాళ్ళందరినీ వెనక్కి నెట్టించాడు. ఏం తేలాలన్నా ఆట మళ్ళీ మొదలవకముందే తేలాలి. తుక్కుగూడ జట్టు పెద్ద వీరరాఘవులు ముందుకొచ్చాడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ సిమెంటు వ్యాపారి, గొంతు పెంచని మనిషి.

"ఆ వల అల్లినాయన్నే పిలవండి సార్. ఎంకయ్య గారు కన్నకొడుకుని కూడా నమ్మరని మా తుక్కుగూడలో కూడా చెప్పుకుంటారు. ఆయన ఏమంటే అదే మాకు సమ్మతం."

ఎంకయ్య గురించి ఊళ్ళు చెప్పుకున్న మాటల్లో అబద్ధం అదొక్కటే. లోకాన్నంతా అనుమానించిన మనిషి తిరుమల్‌ను ఒక్కనాడూ అనుమానించలేదు.

"కాకా, జర సూడు," అన్నాడు రాంచందర్. "పాతదై పిగిలిందా, ఎవరన్న కోసిండ్రా? బాల్ బయటికెల్లి తగిలిందా, లోపల్కెల్లి పోయిందా? నీ మాట మీదనే పెడుతున్న."

ఎంకయ్య గొంతుక్కూర్చున్నాడు. మొదట తుక్కుగూడవాళ్ళ పనే అనుకున్నాడు, పక్కనుంచి పోయిన బంతిని గోల్ అనిపించడానికి వెనకనుంచి ఎవడో బ్లేడుతో గీశాడని. బంతి సంగతి చూడగానే తెలిసిపోయింది, పోగులకు లోపలి వైపే తడి బురద అంటి ఉంది. తర్వాత బొక్క అంచుల వెంట వేలు నడిపాడు. వేలు ఆగిపోయింది.

చిరిగిన వలను అల్లాలంటే ముందు చిరుగును సాపు చెయ్యాలి. వేలాడే పోగుల్ని ముడి దగ్గరికి కోసెయ్యాలి. పైన ఒక ముడికి మూడు కాళ్ళు, అంటే మూడు పోగులు, కింద ఒక ముడికి మూడు కాళ్ళు వదిలి, మిగతా ముళ్ళన్నిటికీ రెండేసి ఉంచాలి. అల్లిక పై మూడు కాళ్ళ ముడి దగ్గర ఎత్తుకుని కింది మూడు కాళ్ళ ముడి దగ్గర ముగిస్తారు. అలా చెయ్యని చిరుగును ఎంత పనివాడైనా సరిగ్గా పూడ్చలేడు. ఈ బొక్కకు పైన మూడు కాళ్ళ ముడి ఉంది. కిందా ఉంది. మధ్యలో అన్నీ రెండేసి కాళ్ళే.

వలను పాడు చేసేవాడు ఇలా కొయ్యడు. పాడు చెయ్యాలనుకున్నా వలను వికారంగా కొయ్యడానికి చెయ్యి రాని మనిషి మాత్రమే ఇలా కోస్తాడు. అటువంటి చెయ్యి ఎంకయ్యది. ఏడేళ్ళ పిల్లాణ్ణి వాకిట్లో పక్కన కూర్చోబెట్టుకుని, తప్పు కోస్తే వేళ్ళ మీద కొట్టి, ఆయన ఇంకొకరికి కూడా ఆ చెయ్యి ఇచ్చాడు. సగం ఆట తర్వాత ఆ వలకు లోపలి వైపు నిలబడ్డది కూడా ఆ ఒక్కడే.

తిరుమల్ వల పట్టుకుని చూపిస్తున్నట్టుగా తండ్రి పక్కన వంగాడు. బంతి, దానితోపాటు జనం కళ్ళూ అవతలి కొసన ఉన్నప్పుడల్లా వాడు పోస్టుకు ఆనుకుని నిలబడటం ఎంకయ్యకు ఇప్పుడు గుర్తొచ్చింది. అలసటేమోనని జాలిపడ్డాడు అప్పుడు.

"పాతదై పిగిలిందని చెప్పు బాపు," అన్నాడు తిరుమల్, పెదాలు కదిలీ కదలకుండా.

"నువ్వా?"

"వల ఒదులు ఇడిసినప్పుడు ఇద్దరం నవ్వినం గదా. గది తెలివైతే గిది మోసమెట్లయితది?"

ఎంకయ్య వాడి మొహంలోకి చూశాడు. అందులో భయం లేదు, నిజంగానే అడుగుతున్నాడు. అక్కడ కుర్చీలో క్లబ్బు మనిషి మెడ సాచి చూస్తున్నాడు. పిగిలిందంటే తన వల నాసిదన్న పేరొస్తుంది, అంతే. కొడుకు కోసం అంతకంటే పెద్దదే పోగొట్టుకోగలడు. కానీ ఈ అబద్ధం కూడా ఇంటికెళ్ళి ఇద్దరూ నవ్వుకునేదే అవుతుందని తోచింది.

లేచి నిలబడ్డాడు. "లోపల్కెల్లే పోయింది సార్. గోలే. వల పిగల్లె, కోసిండ్రు."

"ఎవరు?"

"నా కొడుకు." రాంచందర్ పుస్తకం కోసం జేబులో చెయ్యి పెట్టాడు. "ఇంకో పేరు గూడ రాస్కో. నాది. వలకు కడుపు ఇడిసింది నేనే. ఐదేండ్ల సంది వీళ్ళ టైం నేనే తింటున్న. వాడు నన్ను జూసే నేర్సిండు."

రాంచందర్ ఆయన వంక జాలిగా చూశాడు. "గది అందరికి ఎర్కే కాకా. వల ఇంత బిగుతుండాలని రూల్ల యాడ లేదు. కీపర్‌కు అడ్డం రాకుంటె సాలు."

"అది ఆటలో మామూలేనండీ," అన్నాడు వీరరాఘవులు కూడా, మర్యాదగా.

"మామూలు గాదు సార్, రాస్కో," అన్నాడు ఎంకయ్య. కొడుకు పక్కన నిలబడి సగం తప్పు తను మోద్దామని ఆయన ఆశపడ్డాడు. ఆ వాటాను కూడా వాళ్ళు జాలిగా, మర్యాదగా తీసేసుకున్నారు.

రాంచందర్ తుక్కుగూడకు గోల్ ఇచ్చి, తిరుమల్‌కు ఎర్ర కార్డు ఎత్తి, పుస్తకం తీసి రాసుకున్నాడు. ఎంకయ్య మెడ సాచి అందులోకి తొంగి చూశాడు. ఒక్క పేరే ఉంది. కుర్చీలోని మనిషి లేచి కారు వైపు నడిచాడు. తిరుమల్ చేతితొడుగులు విప్పి ఇంకో ఆటగాడికి ఇచ్చి, తండ్రి ముందునుంచి పోతూ ఆగాడు.

"నీకు రూల్ లేదంట బాపు. బతికిపోయినవ్," అన్నాడు. గొంతులో కోపం లేదు.

బొక్క ఉండగా ఆట సాగదని రాంచందర్ అన్నాడు. ఎంకయ్య జేబులోంచి దారం తీసి, కూర్చుని, పైముడి దగ్గర అల్లిక ఎత్తుకున్నాడు. ఎక్కడా ఒక్క పోగు సర్దాల్సిన పని పడలేదు. ఇంత చక్కగా సాపు చేసిన చిరుగును ఆయన తన మొత్తం బతుకులో చూడలేదు. రెండు ఊళ్ళ జనం చూస్తుండగా, అల్లుతూనే ఏడ్చాడు.