గెయిన్ తగ్గించిన పూట

మార్కాపురంలో కంప్యూటర్లు, కెమెరాలు బిగించే తిమోతికి ఏదైనా చాలకపోతే ఇంకొంచెం పెంచడం తప్ప వేరే ఉపాయం తోచదు. కూర రుచి కుదరకపోతే కారం పెంచుతాడు. ఫోన్లో అవతలివాళ్లకు వినపడకపోతే గొంతు పెంచుతాడు. తర్లుపాడు చర్చి హాల్లో కంటి పరీక్షలు పెట్టినప్పుడు కెమెరా నుంచి లాప్‌టాప్‌కు పొడవాటి యూఎస్‌బీ కేబుల్ వేసి, దారిలో నీరసించే సిగ్నల్‌కు మళ్లీ బలమిచ్చే రీడ్రైవర్ బోర్డును మధ్యలో తగిలించింది అతనే. తీగ పొడవు కదా అని, సిగ్నల్‌ను ఎంత పెంచాలో నిర్ణయించే గెయిన్ స్విచ్చులన్నీ పైకి నెట్టి, ఆ సంగతి చుట్టూ ఉన్నవాళ్లకు పాఠంలా చెప్పాడు కూడా.

కెమెరా ముందు గడ్డం ఆనించి కూర్చున్న ముసలి దానమ్మ కన్ను పక్కనున్న తెరమీద కనపడి, వెంటనే చారలు చారలుగా చినిగిపోయింది. తిమోతి కేబుల్‌ను తిట్టాడు, కరెంటును తిట్టాడు, లాప్‌టాప్‌ను తిట్టాడు. “ఏందన్నా ఇది, అవ్వకు మెడ పట్టేసేటట్టుంది,” అని నర్సు ప్రశాంతి విసుక్కుంది. ఇక దిక్కుతోచక గెయిన్‌ను ఒక్కో మెట్టే దించుతూ వచ్చాడు. దాదాపు అట్టడుగుకు వచ్చాక బొమ్మ నిలిచింది. మితిమీరిన గెయిన్ సిగ్నల్‌తోపాటు రొదనూ పెంచిందని అప్పటికి బుర్రకెక్కింది. ‘పెద్ద మొనగాడివిరా’ అని తనను తానే వెక్కిరించుకుని నవ్వాడు.

దానమ్మ తెరవైపు చూసి గట్టిగా ఊపిరి వదిలింది. “నా కన్నే అట్ల చినిగిపోయిందనుకుంటి నాయనా. ఇంతసేపూ లోపల్లోపల ప్రార్థన చేసుకుంటి.”

తిమోతి నవ్వు ఆగిపోయింది. ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చుని, గొంతు తగ్గించి, “చినిగింది నీ కన్ను కాదవ్వా, నా పనితనం,” అన్నాడు.