నీడ కుర్చీలో తెల్లచీర

మంగళవారం పొద్దున చర్చి సెక్రటరీ ఫోను చేసి మా టీచరమ్మ పోయిందని చెప్పాడు. నిద్రలోనే పోయిందట. మధ్యాహ్నం భూస్థాపన, వీలైతే రమ్మన్నాడు. ఫోను పెట్టేశాక నాకు ఏడుపు రాలేదు, భయమేసింది. నలభై దాటినదాన్ని, కాలేజీలో పాఠాలు చెప్పి బతికేదాన్ని, సండూరు బస్సులో ముందు సీటు కడ్డీ పట్టుకొని కూర్చున్నాను. ఇన్నేళ్ళూ భయమేసినప్పుడల్లా ఆమెకే ఫోను చేసేదాన్ని. ఇప్పుడు ఎవరికి చేయాలో తెలియలేదు.

చేసి ఉంటే ఆమె అడిగే ప్రశ్న ఒక్కటే. "భయం యా మొగం ఏసుకోని వచ్చిండాది పాపా?"

ధైర్యం చెప్పడం ఆమెకు చేతకాదు. ఏమీ కాదులే అని ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. భయానికి ఒక ముఖం ఉంటుందనీ, ఆ ముఖం మనం ఎక్కడో చూసిందే అయి ఉంటుందనీ నమ్మేది. బళ్ళో ఆమె చెప్పేది ఇంగ్లీషు. పోస్టులో పుస్తకాలు తెప్పించుకుని మనస్తత్వ శాస్త్రం చదివింది. పెళ్ళి చేసుకోలేదు. చర్చి వెనక రెండు గదుల ఇంట్లో ఉండేది. ఊరంతా కన్నడమైనా మా చర్చి పాత మిషన్ కాలం నుంచి తెలుగు సంఘమే కాబట్టి, ఆదివారం ఆరాధన అయ్యాక పక్క హాలులో మాబోటి పడుచువాళ్ళను కూర్చోబెట్టుకుని తెలుగులో కథల గురించీ సినిమాల గురించీ మాట్లాడేది. పాస్టరుగారికి ఇది మొదట నచ్చలేదు. తర్వాత ఆయనా వెనక బెంచీలో కూర్చుని వినడం మొదలుపెట్టాడు.

ఆమె చెప్పేదాన్ని పెద్ద పెద్ద పుస్తకాల్లో మూలరూపాలంటారని నాకు యూనివర్సిటీకి వెళ్ళాక తెలిసింది. ఆమెకు అవి మొగాలు, అంతే. ప్రతి మనిషి లోపలా కొన్ని పాత ముఖాలుంటాయి, కథలు రాసేవాడు వాటినే బయటికి తీసి బట్టలు తొడుగుతాడు అనేది. దారి చూపే ముసలాయన, అన్నం పెట్టి ఆ అన్నంతోనే కట్టేసే తల్లి, నవ్విస్తూ నిజం చెప్పేసే తుంటరివాడు, లోకానికి చూపించే ముసుగు, మనం మనది కాదని తోసేసిన నీడ. డబుల్ యాక్షన్ సినిమాలంటే ఆమెకు ప్రాణం. ఒకే నటుడు మంచివాడుగానూ చెడ్డవాడుగానూ వేసే సినిమా టీవీలో వస్తే పొయ్యి ఆర్పేసి మరీ చూసేది. మన సినిమావాళ్ళకు ఎవరూ నేర్పకుండానే ఈ సంగతి తెలిసిపోయింది, నీడకు ఎప్పుడూ హీరో మొగమే ఉంటుంది అనేది. నేను ఒక హీరో అంటే పడిచచ్చేదాన్ని. సినిమా హాల్లో ఈల వేసేటప్పుడు లోపల ఎవరు ఈల వేస్తున్నారో చూసుకోమని ఏడిపించేది.

ఒక హెచ్చరిక మాత్రం మళ్ళీ మళ్ళీ చేసేది. వీడు నీడ, వీడు ముసుగు అని పాత్రల మీద పేర్లు రాసేసి లేచిపోతే ఆమెకు కోపం వచ్చేది. "పర్మిట్ ఆఫీసులో స్టాంపు కొట్టినట్ల కొట్టొద్దప్పా. కూచోని చూడు," అనేది. దానికి ఆమె దగ్గర ఒక పద్ధతి ఉండేది. హాలులో లారీల రోడ్డు వైపు కిటికీ కింద ఒక చేతుల కుర్చీ ఉండేది. కిటికీలోంచి దుమ్ము పడి అది ఎప్పుడూ ఎర్రగా ఉండేది కాబట్టి అందులో ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. మాలో ఎవరైనా ఒక సినిమా విలన్‌ను తిడితే, తిట్టినవాళ్ళు వెళ్ళి ఆ కుర్చీలో కూర్చోవాలి. వాడు అనకుండా నేను అంటూ వాడి కథంతా చెప్పాలి. నేను ఒకసారి కోడలిని హింసించే అత్త గురించి అలా చెప్పబోయి మధ్యలో ఆగిపోయాను. ఆ గొంతు మా అమ్మ మీద నేను అరిచే గొంతే. లేచేసరికి లంగా వెనకంతా ఎర్రటి ధూళి. దాన్ని మేం నీడ కుర్చీ అనేవాళ్ళం.

ఇనుప గనులు పొంగిన రోజులవి. ఖనిజం లారీలు ఒకదాని వెనక ఒకటి పోతుంటే రోడ్డు దాటడానికి కాచుకుని నిలబడేవాళ్ళం. చెట్ల ఆకులు, మేకలు, పాలక్యాన్లు, అన్నీ ఎరుపే. తెల్లబట్టలు ఎవరూ బయట ఆరేసేవాళ్ళు కాదు. ఊరి మొత్తానికి తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు ఒక్కరికే ఉండేవి. ఆయన గనుల కాంట్రాక్టరు. అందరూ ధణి అని పిలిచేవాళ్ళు, అంటే యజమాని అని. కారు దిగాల్సిన పని లేనివాడికే ఆ తెలుపు సాధ్యం. మా నాయన ఆయన దగ్గరే టిప్పరు తోలేవాడు. మా చర్చి హాలుకు ఫ్యాన్లు వేయించిందీ ఆయనే. అందుకే ఆ ఏడు క్రిస్మస్ కార్యక్రమానికి పాస్టరుగారు ఆయన్ను ముఖ్య అతిథిగా పిలిచారు.

ఆ కార్యక్రమానికి టీచరమ్మ ఒక నాటకం రాసింది. నీళ్ళు ఎండిపోయిన ఊరు, ఆ ఊరందరికీ అన్నం పెట్టే ఒక మంచి మనిషి. ఆ మనిషి ఎప్పుడూ తెల్లబట్టల్లోనే ఉంటాడు. చివర్లో మరకల బట్టలతో ఒకతి వచ్చి, నేను నీ నీడను, నన్ను ఎక్కడ దాచావని అడుగుతుంది. నీడ వేషం నాది. ముసుగంటే మనం మరక పడకుండా కాచుకునేది, అందుకే తెలుపు అని రిహార్సల్లో ఆమె విడమరిచి చెప్పింది. మాకు చాలా బాగుందనిపించింది. ఇంకే ఊళ్ళోనైనా అది బాగానే ఉండేది కూడా. రంగస్థలం మీద తెల్లబట్టలంటే మంచివాడనో, నాయకుడనో అనుకుని ఊరుకునేవాళ్ళు. సండూరులో తెల్లబట్టలంటే ఒక్క మనిషి. ఆ సంగతి ఆమెకూ తట్టలేదు, మాకూ తట్టలేదు.

బజారుకు తట్టింది. టీచరమ్మ ధణి మీద నాటకం ఆడిస్తోందట అనే మాట వారంలో ఊరంతా పాకింది. బడి గేటు ఎదురుగా నంబరు ప్లేటు లేని జీపు ఒకటి వచ్చి నిలబడడం మొదలైంది. అందులోంచి ఎవరూ దిగేవాళ్ళు కాదు, ఎవరినీ ఏమీ అనేవాళ్ళు కాదు. తెల్లబట్టల వేషం వేయాల్సిన కాంపౌండరన్నకు ఉన్నట్టుండి జ్వరం వచ్చింది. నాటకం మానేద్దామని పాస్టరుగారు బతిమాలారు. అంతకు ముందు ఏడాది ధణి దగ్గర ఒక డ్రైవరు లోడు ఎక్కువైందని నలుగురిలో అన్నాడు, తర్వాత కొన్నాళ్ళకు బండితో సహా లోయలో పడ్డాడు. ప్రమాదమే అన్నారు. అయి ఉండొచ్చు కూడా. మా నాయన ఆ మాట గుర్తు చేయలేదు. ఒక రాత్రి అన్నం ముందు కూర్చుని తినకుండా చేయి కడుక్కున్నాడంతే.

మరుసటి సాయంత్రం టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. గడప దగ్గర ఆగి కొంగుతో కుచ్చిళ్ళు దులుపుకుంది. ఎవరింటికి వెళ్ళినా అలా దులుపుకోకుండా లోపలికి వచ్చేది కాదు. మా నాయన ఆమెకు కుర్చీ వేసి తాను నిలబడే చెప్పాడు.

"నా కూతురు ఆ వేషం ఎయ్యదు టీచరమ్మా. రేపు బండి తాళం నా చేతిలో ఉండదు. బండి పోతే పోనీ, మనిషే ఉండకుంటే?"

"నాకూ కాళ్ళు వణుకుతాండాయి నాయనా," అంది ఆమె. నిజంగానే వణుకుతున్నాయి, నేను చూశాను. "నేను నాటకంలో ఆయప్పని పెట్టలే. ఇప్పుడు ఆపేస్తే ఆయప్పనే పెట్టినట్లయితాది. ఆ తెల్లబట్టలు నేనే కట్టుకుంటా. నేను రాసింది యారినో నేనే చూపిస్తా. పాప నన్నే అడగల్ల, ఆయప్పని కాదు."

మా నాయన నావైపు చూసి తల ఊపాడు. ఆ తల ఊపడానికి ఆయనకు ఎంత కష్టమైందో నాకు పిల్లలు పుట్టాక తెలిసింది.

క్రిస్మస్ మధ్యాహ్నం హాలు కిక్కిరిసింది. ధణి ముందు వరుసలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. ఆ తెల్ల బూటు మెల్లగా ఊగుతుంటే దాని నుంచి కళ్ళు తిప్పుకోలేకపోయాను. టీచరమ్మ తన తెల్లటి సంస్కారపు చీర కట్టుకుని వచ్చింది, చర్చిలో ప్రభురాత్రి భోజనం ఇచ్చే ఆదివారాల్లో మాత్రమే కట్టే చీర. మా సంఘమందరికీ తెలిసిన చీర. చివరి రంగంలో నేను వెళ్ళి, నన్ను ఎక్కడ దాచావని దాదాపు గుసగుసగా అడిగాను. ఆమె కిటికీ కింది కుర్చీని తానే లాక్కొచ్చి నడిమధ్యలో వేసుకుని, ఆ ధూళిలో తెల్లచీరతో కూర్చుంది. తర్వాత నాటకంలో లేని మాటలు చెప్పింది.

"చోరనూరు కాడ నాకు చేను ఉండాది. మా నాయన ఇచ్చిన చేను. ధూళి గుట్టలు పోసుకోమని గనులోళ్ళకు గుత్తకిచ్చినా. పక్కచేను వేరుశనగ అంతా ఎర్రగై సచ్చిపోయింది. ఆ చేను ఆయమ్మ ఈడనే కూచోని ఉండాది, నాతో పాటే పాటలు పాడ్తాది. నేను చీర దులుపుకోని ఆయమ్మ పక్కనే కూచుంటాండా."

హాలులో అందరూ ధణి వైపు చూస్తున్నారు. వద్దనుకున్నా చూస్తున్నారు. ఆయన లేచి స్టేజి దగ్గరికి వచ్చాడు. నేను మా నాయన కోసం వెతికాను, ఆయన తలుపు దగ్గర గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"చీర శానా తెల్లగుండాది మేడం," అన్నాడు ధణి నవ్వుతూ. "యాడ ఉతికిస్తారు?"

"ఇంట్లోనే ఉతుక్కుంటానప్పా. బయట ఆరెయ్యను."

ఆయన ఇంకొంచెం నవ్వి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. కారు తలుపు మూసుకున్న చప్పుడు వినిపించేదాకా ఎవరమూ కదలలేదు. మర్నాడు మా నాయనకు బండి తాళం ఎప్పటిలాగే ఇచ్చారు. టీచరమ్మ మాత్రం ఆ నెలలోనే చోరనూరు గుత్త మానిపించింది.

కొత్త సంవత్సరం నాడు జీపు ఆమె ఇంటి ముందే ఆగింది. ఒకతను దిగి ఒక పొట్లం ఇచ్చి వెళ్ళాడు. లోపల సన్నటి వెండి అంచు తెల్లచీర. ఏ మాటా రాసి లేదు. అది చూసి మా అమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. ఆయన వాళ్ళలో తెల్లచీర ముండమోసినదానికి, మన చర్చివాళ్ళలో పెళ్ళికూతురికి, రెండు చోట్లా శవానికి కూడా అంది. అది బెదిరింపో, మెచ్చుకోలో తేల్చి చెప్పమని టీచరమ్మను నేను పట్టుబట్టి అడిగాను. ముఖాలు చదవడం ఆమెకే కదా వచ్చు.

"తెల్దు పాపా. ఆయప్పకన్నా తెల్సునో లేదో. మొగాలు చదివేది వచ్చినంత మాత్రాన మనిషి తెలిసిపోతాడనుకోవద్దు. సినిమాకైతే కడాకు శుభం పడ్తాది."

మళ్ళీ తనే ఇంకో మాట అంది. "ఆయప్పని నాకు తెలీకుండానే పెట్టిన్నానేమో గూడ. తెలిసి పెట్టింది మాత్రం నన్నే."

ఆ చీరను ఆమె పారేయలేదు, కట్టనూ లేదు. ట్రంకుపెట్టెలో అడుగున పెట్టింది. ఆ తర్వాత చాలాకాలం వీధిలో జీపు ఆగితే ఆమె చేతిలో గ్లాసు కూడా ఆగేది. భయం లేనట్టు ఆమె ఎప్పుడూ నటించలేదు. నేను ఈరోజు పిల్లల ముందు నిలబడి ఒక పాత్రను విప్పి చెబుతున్నానంటే, చెప్పే ముందు ఒక్క క్షణం లోపల ఆ కుర్చీలో కూర్చుని లేస్తున్నానంటే, అది ఆమె పెట్టిన భిక్ష. తర్వాత గనులు ఆగాయి, ధణి ఊరు వదిలి వెళ్ళాడన్నారు, మా నాయన మంచం మీదే ప్రశాంతంగా పోయాడు. ఏ భయమైతే మమ్మల్ని అన్నేళ్ళు తిననివ్వలేదో అది చివరికి ఏ ముఖమూ చూపించకుండానే వెళ్ళిపోయింది.

అలా వెళ్ళిపోయిందనే అనుకున్నాను. మంగళవారం చర్చిలో శవపెట్టె దగ్గరికి వెళ్ళి చూశాను. ఆమెకు కట్టింది ధణి పంపిన ఆ చీరే. సన్నటి వెండి అంచు. ఏళ్ళ తరబడి మడతలో ఉండి గీతలు పడింది.

"అదే కట్టమని ముందే చెప్పింది అక్క," అంది ఆమె చెల్లెలు. "ఏమిటికని అడిగితే నవ్వింది."

శ్మశానం పాత లారీల రోడ్డు అవతల ఉంది. గుంత పక్కన మూత వేసేముందు ఆఖరిచూపు కోసం పెట్టె దించారు. అప్పుడే ఒక లారీ పోయింది. ఇప్పుడు లారీలు కొన్నే తిరుగుతున్నాయి, ధూళి మాత్రం అదే. గాలికి అది మా అందరి మీదా వచ్చి పడింది. నేను గబుక్కున వంగి ఆమె కుచ్చిళ్ళు దులపబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తెల్లచీర మీద ధూళి సన్నగా, తీరిగ్గా వాలుతోంది. ఆమె దులుపుకోలేదు.