నేను ఆమెన్ అనలేదు

నా రెండు కాళ్లకూ చిన్నప్పటినుంచీ పొత్తు కుదరలేదు. ఎడమది పోదాం పద అంటుంది, పోలియో వచ్చిన కుడిది ఆలోచించి చెబుతానంటుంది. ఈ పంచాయితీ తెగక బడికి రోజూ ఆలస్యంగా పోయేవాణ్ణి. ఆరో తరగతిలో అసలు పోవడమే మానేశాను. ఇలాంటివాడికి పెళ్లెట్లా అయిందని విడవలూరు సెంటర్లో నా నిమ్మసోడా బండి దగ్గర ఎవరన్నా అడిగితే ఒకటే జవాబు చెబుతాను.

"నా భార్యకు చూపు లేదన్నా. ఉంటే నన్ను చేసుకునేదా?"

తాగేవాడికి పొలమారుతుంది. ఆమె పక్కన ఉన్న రోజున మాత్రం, "గొంతు విని మోసపోయినా," అంటుంది. అప్పుడు పొలమారేది నాకు.

పెళ్లైన మరుసటేడు ఆమెకు నెలలు నిండాయి. బిడ్డ అడ్డం తిరిగిందనీ సిజేరియన్ తప్పదనీ నెల్లూరు ఆసుపత్రిలో చెప్పారు. అక్కడిదాకా నాకు బాగానే అర్థమైంది. ఆ తర్వాత జరిగింది మాత్రం ఇప్పటికీ ఒక పక్క అర్థమైతే ఇంకో పక్క జారిపోతూ ఉంటుంది.

కాన్పుకు ముందు శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకున్నాం. మాలో ఒక పద్ధతి ఉంది. పాస్టరయ్య మొదలుపెట్టే ముందు ఎవరి విన్నపం వాళ్లు చెబుతారు. ఆయన అన్నీ కలిపి దేవుడికి అప్పజెబుతాడు. చివర అందరూ ఆమెన్ అన్నాక అది అందరి ప్రార్థన అయిపోతుంది. ఆ రోజు ఒక అక్క తన రొయ్యల గుంటకు తెగులు రాకూడదని అడిగింది. ఒక పెద్దాయన మోకాళ్లు బాగుపడాలన్నాడు. తర్వాత మా బావ, నా భార్యకు సొంత అన్న, గొంతు సవరించుకున్నాడు.

"వచ్చే వారం మా చెల్లెలికి కాన్పయ్యా. దాంతో పాటే ఇంక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ గూడా చేసెయ్యమని డాక్టరమ్మకు చెప్పినాను. రెండూ సుఖంగా జరగాలని ప్రార్థన చెయ్యండి."

రొయ్యలూ మోకాళ్లూ నా భార్య కడుపూ ఒకే వరసలో పైకి బయలుదేరాయి. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను ఒక కన్ను తెరిచి చూశాను. ఆమె తల వంచలేదు. ముఖం ఎత్తి, గోడకేసి కూర్చుని ఉంది. ఆపరేషన్ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాకూ చెప్పలేదు. పాస్టరయ్య ముగించాడు, ఇల్లంతా ఆమెన్ అంది. నా నోరు అలవాటుకొద్దీ తెరుచుకుంది గాని మాట రాలేదు. దాన్ని మూయాలని కూడా తోచలేదు.

"నేను ఆమెన్ అనలేదయ్యగారూ," అంది నా భార్య.

"దేనికమ్మా?"

"రొయ్యలకన్నాను. మోకాళ్లకన్నాను. నా ఆపరేషన్‌కు అనలేదు. ఆ ఒక్కటీ తీసెయ్యండి."

"చేసేసిన ప్రార్థనలో ఒక్క ముక్క తీసేదెట్టమ్మా?" అన్నాడు పాస్టరయ్య. ఇలాంటిది ఆయనకు ఎప్పుడూ తగిలినట్టు లేదు. మోకాళ్ల పెద్దాయన, తనది కూడా పోతుందేమోనని కాబోలు, కంగారుగా అటూ ఇటూ చూశాడు. నాకు నవ్వొచ్చింది. ఇది నవ్వే సమయమో కాదో తెలియక దగ్గాను.

బావ ముఖం చిన్నబోయింది. "నీ మంచికే గదమ్మా. నీకు కనపడదు, ఆయన పరిగెత్తలేడు. బిడ్డ రోడ్డు మీదికి ఉరికితే పట్టుకునేదెవరు? ఒకటి చాలు. కడుపు కోసినప్పుడే ఆ పని గూడా అయిపోతే మళ్లీ కొయ్యక్కర్లేదు."

"ఒకటి చాలో ఇంకోటి కావాలో నన్ను అడిగినావా అన్నా?"

"అడిగేదేముంది? నీకు అన్నం తినిపించేటప్పుడు అడిగినానా? చెయ్యి పట్టుకొని హాస్టల్‌కు తీసకపోయేటప్పుడు అడిగినానా?"

"అప్పుడు నేను పిల్లనన్నా."

ఆమే మళ్లీ అందుకుంది. "వికలాంగుల సర్టిఫికెట్ కోసం నెల్లూరు క్యాంపుకు పోయినప్పుడు ఒక లాయరమ్మ చెప్పింది. మాలాంటోళ్లకయినా సరే, మాకు విడమరిచి చెప్పి, మేము ఒప్పుకుంటే తప్ప పిల్లలు పుట్టకుండా చేసే వైద్యం చెయ్యకూడదంట. చట్టంలోనే ఉందంట. నువ్వు ఒప్పుకుంటే చాలదన్నా. ఈయన ఒప్పుకున్నా చాలదు."

ఆ క్యాంపుకు నేనూ పోయాను. లాయరమ్మ మాట్లాడే సమయానికి పులిహోర పొట్లాల వరసలో ఉన్నాను.

"ఏం బావా, నువ్వేమంటావు?" అన్నాడు మా బావ నాకేసి తిరిగి.

ఏమనాలి? అమ్మానాన్నలు పోయాక ఆమెను సాకింది ఆయనే. ఆమె పెళ్లయ్యేదాకా తను పెళ్లి చేసుకోలేదు. రోడ్డు మీదికి ఉరికే బిడ్డను నేనూ ఊహించుకుని బండి దగ్గర సోడా సీసా వదిలేసిన రోజులున్నాయి. ఆయన చెప్పేది వింటే నిజమే అనిపిస్తుంది. ఆమె చెప్పేది వింటే అదింకా నిజం అనిపిస్తుంది. మా రేకుల ఇంట్లోకి సర్కారు నుంచి కరెంటు బిల్లు తప్ప ఏదీ వచ్చి ఎరగం. చట్టం వచ్చి మంచం మీద, ఆమె పక్కన, నాకు చోటు లేకుండా కూర్చున్నట్టనిపించింది.

"నన్నడుగుతావేంది బావా, నేను ఆరో తరగతి."

"అన్నిటికీ ఆరో తరగతేనా?" అంది నా భార్య.

మరునాడు బండి దగ్గర సోడాకొచ్చిన వాళ్లనే అడిగాను. వడ్లు తోలుకుపోతూ ఆగిన ఒక రైతు, "చట్టమంటే పొలం గట్లకు ఉంటదిగాని కడుపులకు గూడానా?" అని నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయాడు. ఒక మాస్టారు మాత్రం నిదానంగా తాగి, "మీ ఆవిడ చెప్పిందీ న్యాయమే, మీ బావ చెప్పిందీ న్యాయమే," అన్నాడు. ఆ మాత్రం నాకూ తెలుసు. ఆయన రెండో సోడాలో నిమ్మకాయ సగమే పిండాను.

కాన్పుకు ముందురోజు డాక్టరమ్మ వార్డుకు వచ్చింది. మంచం మీద నా భార్య, అటు బావ, ఇటు నేను. నా భార్యకు దాహమేస్తోందా అన్నది కూడా జనం నన్నే అడుగుతారు. డాక్టరమ్మా అంతే, నన్నే చూసింది.

"కాన్పుతో పాటే ఆ ఆపరేషన్ కూడా చెయ్యమన్నారంట గదా. చేసేద్దామా?"

నాలుక మీద అవునూ ఉంది, కాదూ ఉంది. ఏది ముందొస్తే అది ఆమె కడుపులోకి పోతుంది.

"నన్నడగొద్దు మేడమ్. కడుపు ఆమెది. చెవులైతే బ్రహ్మాండంగా పని చేస్తాయి, నేను లోపల గొణిగింది గూడా వినపడతది."

డాక్టరమ్మ కాసేపు నన్ను, తర్వాత ఆమెను చూసింది. స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది. మా ఇద్దర్నీ బయటికి పొమ్మంది.

వరండాలో బెంచీ మీద బావా నేనూ బిస్కెట్ ప్యాకెట్ ఒకటి పంచుకున్నాం.

"ఏం చెప్తదంటావు?" అన్నాడు బావ.

"తెలీదు బావా."

"నీకేం కావాలి?"

"అదీ తెలీదు."

"ఏందబ్బా నువ్వు," అని చివరి బిస్కెట్ నాకే ఇచ్చాడు.

డాక్టరమ్మ బయటికొచ్చింది. "ఆ రెండో ఆపరేషన్ వద్దంటున్నారు. చెయ్యం. ఎప్పుడన్నా కావాలనుకుంటే తనే వచ్చి అడుగుతానన్నారు," అంది. బావ తల ఊపాడు, ఒప్పుకున్నట్టో ఓడిపోయినట్టో నాకు తెలియలేదు.

ఆడపిల్ల పుట్టింది. బావ ఎత్తుకోగానే జేబులోంచి బండి తాళాలు తీసి దాని కళ్ల ముందు అటూ ఇటూ ఆడించాడు. పిల్ల చూడలేదు. ఇంకా దగ్గరికి తెచ్చి మళ్లీ ఆడించాడు. అంత భయం కూడికలో విన్నపంగా కూడా పెట్టలేకపోయాడు పాపం.

"అప్పుడే పుట్టిన బిడ్డ తాళాలేం చూస్తదన్నా, నిద్ర పోనీ," అని నర్సు కసిరింది. కొన్ని వారాలకు పరీక్ష చేయించాం, చూపు బాగుందన్నారు. ఆ మాట విని బావ మెట్ల మీద కూలబడి ఏడ్చాడు. నా భార్య, "లేకపోయినా నా బిడ్డే గదా," అంది, అంతే.

ఇంటికొచ్చాక ఒకరోజు ఆమెను ఉడికిద్దామని అన్నాను. "మీ అన్న నీ గురించే, అయ్యగారు నీ గురించే, డాక్టరమ్మ నీ గురించే. చట్టం గూడా నీ గురించే. నడమ నా సంగతేంది? నన్ను ఒక్కరూ పట్టించుకోలేదే!"

ఆమె బిడ్డను ఈ భుజం మీదనుంచి ఆ భుజం మీదికి మార్చుకుంది.

"నీది గూడా పోలియో కాలే గదా. మరి నీకు ఆపరేషన్ చేసెయ్యమని ఆ కూడికలో ఒక్కరన్నా విన్నపం పెట్టినారా? పోయి అది కనుక్కొని రా, ఆ తర్వాత మాట్లాడుకుందాం."